వేడెక్కాక సెల్ఫ్ తీసుకోని పాత క్యాంపర్ వ్యాను, తరచూ పోతున్న 30 ఆంపియర్ల ఫ్యూజ్

దారిదీపం:
నమస్కారం. నా దగ్గర 1970ల నాటి క్యాంపర్ వ్యాను ఉంది. ఇంజను వెనుక భాగంలో ఉంటుంది. బండి చల్లగా ఉన్నప్పుడు సెల్ఫ్ కాస్త బరువుగా తిరిగినా ఇంజను అందుకుంటుంది. గంటసేపు నడిపి ఆపి, పది నిమిషాల తరువాత తాళం తిప్పితే మాత్రం సోలినాయిడ్ (స్టార్టర్ మోటరుకు కరెంటు కలిపే విద్యుదయస్కాంత స్విచ్) నుంచి ఒక చిన్న ‘టిక్’ తప్ప ఏమీ రాదు. కొన్నిసార్లు అదీ రాదు. అరగంట ఆగితే ఏమీ జరగనట్టే మళ్లీ స్టార్టవుతుంది. బ్యాటరీ కొత్తది వేయించాను, ఫలితం లేదు. స్టార్టర్ మోటర్ మొత్తం మార్చమని ఒక మెకానిక్ చెప్పారు.

రెండవ ఇబ్బంది వేరే చోట ఉంది. లోపలి దీపాలకు, నీటి పంపుకు, ఫ్రిజ్‌కు విడిగా మరొక బ్యాటరీ ఉంది. ఇంజను నడుస్తున్నప్పుడు రెండు బ్యాటరీలను ఒక రిలే (కొద్దిపాటి కరెంటుతో పెద్ద కరెంటు దారిని కలిపే స్విచ్) కలుపుతుంది. ఆ వైరులో ఉన్న 30 ఆంపియర్ల ఫ్యూజ్ అప్పుడప్పుడు పోతోంది. ఎప్పుడు పోయిందో మరునాడు దీపాలు మసకబారినప్పుడు గాని తెలియడం లేదు. పాత యజమాని ఫ్యూజ్ డబ్బాలో 40 ఆంపియర్లవి నాలుగు అదనంగా పెట్టి ఉంచారు. వాటిలో ఒకటి వేయవచ్చా? అలాగే స్టార్టర్‌కు సంబంధించిన ఫ్యూజ్ ఏదో ఎంత వెతికినా దొరకలేదు. అది ఎక్కడ ఉంటుందో తెలిసినవారు చెప్పగలరు.

పాత ఇంజను:
దారిదీపం గారు, మీరు వెతికిన ఫ్యూజ్ లేదు, కనుకనే దొరకలేదు. ఈ తరం బండ్లలో స్టార్టర్ దారిలో ఫ్యూజ్ ఉండదు. చిన్న పెట్రోల్ ఇంజనును తిప్పడానికే స్టార్టర్ నూటయాభై, రెండు వందల ఆంపియర్ల దాకా తీసుకుంటుంది కాబట్టి బ్యాటరీ నుంచి సోలినాయిడ్ మీది లావు బోల్టు వరకు కేబుల్ నేరుగా వస్తుంది.

జర్మన్ పద్ధతిలో వైరింగ్ చేసిన బండ్లలో బిందువులకు అంకెలుంటాయి. డిఐఎన్ 72552 అనే ప్రమాణం ప్రకారం 30 అంటే ఎప్పుడూ కరెంటు ఉండే బ్యాటరీ ప్లస్, 31 అంటే ఎర్త్ (బండి లోహం గుండా బ్యాటరీ మైనస్‌కు తిరిగి చేరే దారి), 15 అంటే తాళం తిప్పాక కరెంటు వచ్చే దారి, 50 అంటే తాళాన్ని స్టార్ట్ స్థానానికి తిప్పినప్పుడు మాత్రమే సోలినాయిడ్‌కు వెళ్లే దారి. మీ సోలినాయిడ్ మీద లావు బోల్టు 30, చిన్న బల్లపరుపు పిన్ను 50. సాధారణంగా ఆ 30 బోల్టుకే మరొక ఎర్ర వైరు తగిలించి ఉంటుంది. బండి మొత్తానికి కరెంటు అక్కడి నుంచే ముందుకు వెళుతుంది. కాబట్టి ఆ నట్టు వదులైతే సెల్ఫ్‌తో పాటు హెడ్‌లైట్లు కూడా దెబ్బతింటాయి.

కింద దూరి చేయి పెట్టే ముందు బ్యాటరీ మైనస్ కేబుల్ విప్పండి; ఉంగరం, గడియారం తీసేయండి. ఫ్యూజ్ లేని కేబుల్‌కు స్పేనర్ తగిలి బాడీని కూడా తాకితే అది క్షణంలో ఎర్రగా కాలుతుంది.

సంచారి:
నాకూ సరిగ్గా ఇదే ఇబ్బంది ఉండేది. వేడెక్కాక ‘టిక్’ అనడం ఈ బండ్లలో చాలా సాధారణం. సోలినాయిడ్ పక్కన ఒక 40 ఆంపియర్ల రిలే పెట్టి, తాళం నుంచి వచ్చే పాత వైరును రిలేను పనిచేయించే దాని తీగ చుట్టకు ఇచ్చి, సోలినాయిడ్‌కు కరెంటును పక్కనే ఉన్న 30 బోల్టు నుంచి తీసుకున్నాను. ఒక సాయంత్రం పని. ఆ తరువాత ఇబ్బంది రాలేదు. మీరు కూడా నేరుగా అదే చేయండి.

కొలబద్ద:
సంచారి గారి పరిష్కారం పనిచేస్తుంది, కానీ దానిని మొదటి మెట్టుగా నేను ఒప్పుకోను. బ్యాటరీ మార్చారు, ఇప్పుడు స్టార్టర్ మార్చమంటున్నారు, తరువాత రిలే పెట్టమంటున్నారు. ఇంతవరకు ఎవరూ మీటరు పెట్టి చూడలేదు. ఇలాంటి లోపాన్ని బండి నిశ్చలంగా ఉన్నప్పుడు కొలిస్తే దొరకదు. వైరులో వంద పోగులకు ఐదే మిగిలినా, కరెంటు పారనప్పుడు మీటరు 12.6 వోల్టులే చూపిస్తుంది. కరెంటు పారుతుండగా కొలవాలి, అదీ ఒక్కొక్క భాగానికి ఇటు చివర మీటరు కాడ ఒకటి, అటు చివర మరొకటి పెట్టి, మధ్యలో ఎంత వోల్టేజి పోతోందో చూడాలి.

గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి, చక్రాలకు అడ్డు పెట్టండి. ఇంజను స్టార్టవకుండా ఇగ్నిషన్ కాయిల్‌కు ప్లస్ వైపు వచ్చే వైరు విప్పి, దాని కొనకు టేపు చుట్టండి. ఒకరు తాళం తిప్పితే మరొకరు మీటరు చూడాలి.

రెండు వేర్వేరు సందర్భాలలో కొలవాలన్నది మరచిపోకండి. బండి చల్లగా ఉండి సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు లావు కేబుళ్లను పరీక్షించాలి: బ్యాటరీ రెండు కొనల మధ్య ఎంత, బ్యాటరీ ప్లస్ నుంచి సోలినాయిడ్ 30 బోల్టు వరకు ఎంత పోతోంది, బ్యాటరీ మైనస్ నుంచి స్టార్టర్ ఒంటి లోహం వరకు ఎంత పోతోంది. ప్లస్ వైపు మొత్తం 0.5 వోల్టు దాటకూడదు, ఎర్త్ వైపు 0.2 లేదా 0.3 దాటకూడదు. బ్యాటరీ కొనల దగ్గర 9.6 కన్నా తగ్గితే ముందు బ్యాటరీని అనుమానించాలి.

బండి వేడెక్కి మొండికేసినప్పుడు మాత్రం సన్న వైరును పరీక్షించాలి. తాళం స్టార్ట్ స్థానంలో పట్టుకుని, 50 పిన్నుకు, స్టార్టర్ ఒంటికి మధ్య ఎంత ఉందో చూడండి. అక్కడ 11 వోల్టులు ఉండి కూడా సోలినాయిడ్ లాగకపోతే లోపం సోలినాయిడ్‌లోనే ఉంది. 8 వోల్టులే ఉంటే సోలినాయిడ్‌ది తప్పు కాదు, దాని దాకా కరెంటును సరిగ్గా రానివ్వని దారిది తప్పు. తక్కువగా ఉంటే ఇగ్నిషన్ స్విచ్ వెనుక 30, 50 బిందువుల దగ్గర కూడా కొలిచి, అంకెలు ఇక్కడ పెట్టండి.

వేకువ:
నాది కూడా అదే కాలపు బండి. చర్చ మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి, కానీ ఫ్యూజుల గురించే. నా ఫ్యూజ్ డబ్బాలో పింగాణీ కడ్డీల వంటి పాత ఫ్యూజులున్నాయి. ఒక్కటీ కాలిపోలేదు, అయినా వైపర్లు, హారన్ తమకు ఇష్టమైనప్పుడే పనిచేస్తాయి. ఫ్యూజ్‌ను వేలితో తిప్పితే పనిచేయడం మొదలుపెడతాయి. బల్లపరుపు కాళ్లుండే ఆధునిక ఫ్యూజుల డబ్బాకు మారిపోవడం మంచిదా?

రాగి తీగ:
వేకువ గారు, మీ ప్రశ్న చర్చకు బయటిది కాదు. ఆ పింగాణీ ఫ్యూజులకు రెండు చివరలా శంకువు ఆకారపు కొనలుంటాయి. స్ప్రింగ్ రేకుల మధ్య అవి బిగుసుకుని కూర్చుంటాయి. ఏళ్ల తరబడి కదలకుండా ఉంటే కొన మీద, రేకు మీద ఆక్సైడ్ పొర పేరుకుంటుంది. మీరు వేలితో తిప్పినప్పుడు ఆ పొర గీరుకుపోయి కాసేపు దారి తెరుచుకుంటుంది. అల్యూమినియం పట్టీ ఉన్న ఫ్యూజుల కన్నా రాగి లేదా ఇత్తడి పట్టీ ఉన్నవి ఎక్కువ కాలం నమ్మకంగా ఉంటాయి. బ్యాటరీ విప్పి, రేకులను సన్నని ఎమెరీ కాగితంతో రుద్ది, సడలిన రేకులను కొద్దిగా లోపలికి వంచి, కొత్త ఫ్యూజులు వేస్తే డబ్బా మార్చే అవసరం సాధారణంగా రాదు. రేకు చుట్టూ ప్లాస్టిక్ కరిగి గోధుమ రంగుకు తిరిగి ఉంటే మాత్రం మార్చాల్సిందే. రంగులు గుర్తుంచుకోండి: పసుపు 5, తెలుపు 8, ఎరుపు 16, నీలం 25 ఆంపియర్లు. తెల్లది పోతే ఎర్రది వేసేవారిని చాలామందిని చూశాను. ఫ్యూజ్ కాపాడేది దీపాన్ని కాదు, వైరును. 8 ఆంపియర్ల దారిలో 16 వేస్తే, తరువాత పోయేది ఫ్యూజ్ కాదు.

దారిదీపం గారికీ ఇదే జవాబు. దయచేసి ఆ 40 ఆంపియర్లవి వేయకండి. మీ 30 ఆంపియర్ల ఫ్యూజ్ ఏదో చెబుతోంది, దానిని వినాలి. నాకు మూడు విషయాలు కావాలి. అది పోయిన రోజులకు, ఉదయం ఎక్కువసేపు సెల్ఫ్ కొట్టిన రోజులకు ఏమైనా సంబంధం ఉందా? తాళాన్ని మొదటి స్థానానికి తిప్పి, ఇంజను స్టార్ట్ చేయకుండా ఉంటే రెండు బ్యాటరీలను కలిపే రిలే ‘టక్’మంటుందా? ఆ రిలే చుట్టకు కరెంటు ఎక్కడి నుంచి వస్తోంది?

దారిదీపం:
అందరికీ కృతజ్ఞతలు. మా అన్నయ్య తాళం దగ్గర కూర్చున్నారు, నేను కింద పడుకుని కొలిచాను.

చల్లగా, సెల్ఫ్ తిరుగుతుండగా: బ్యాటరీ కొనల మధ్య 10.6 వోల్టులు. బ్యాటరీ ప్లస్ నుంచి 30 బోల్టు వరకు పోయినది 0.2. బ్యాటరీ మైనస్ నుంచి స్టార్టర్ ఒంటి వరకు పోయినది 1.2.

వేడెక్కాక, తాళం తిప్పినా సెల్ఫ్ తిరగనప్పుడు: బ్యాటరీ కొనల మధ్య 12.2. స్టార్టర్ ఒంటికి, 50 పిన్నుకు మధ్య 7.9. బ్యాటరీ ప్లస్ నుంచి ఇగ్నిషన్ స్విచ్ 30 బిందువు వరకు పోయినది 1.3. స్విచ్ లోపల 30 నుంచి 50కి మధ్య 1.9. స్విచ్ 50 నుంచి సోలినాయిడ్ 50 పిన్ను వరకు 0.9. ఎర్త్ వైపు 0.2.

రాగి తీగ గారు అడిగిన వాటికి: తాళం మొదటి స్థానంలోనే రిలే ‘టక్’మంటోంది. దాని చుట్టకు వచ్చే వైరు ఇగ్నిషన్ స్విచ్ 15 బిందువు నుంచి వస్తోంది. ఫ్యూజ్ పోయిన రోజుల గురించి ఆలోచిస్తే, గత రెండుసార్లూ అంతకు ముందు ఉదయం బాగా చలిగా ఉండి చాలాసేపు సెల్ఫ్ కొట్టిన మాట నిజం.

కొలబద్ద:
చక్కగా కొలిచారు. 1.3, 1.9, 0.9, 0.2 కలిపితే 4.3. 12.2 లోంచి అది తీసేస్తే సరిగ్గా 7.9. లెక్క ఇలా కుదిరిందంటే కొలతలో ఏ భాగమూ తప్పిపోలేదని అర్థం.

మీ బండిలో రెండు వేర్వేరు లోపాలున్నాయి, అందుకే ఒక్క భాగం మారిస్తే తీరలేదు. చల్లగా ఉన్నప్పుడు బరువుగా తిరగడానికి కారణం ఎర్త్. బ్యాటరీ 10.6 ఇస్తుంటే, దారిలో 1.4 పోయి, మోటరుకు అందుతున్నది 9.2 మాత్రమే. వేడెక్కాక అసలే తిరగకపోవడానికి కారణం సన్న వైరు దారి. ఆ సమయంలో మోటరు తిరగడం లేదు కాబట్టి ఎర్త్ మీద తక్కువ కరెంటే పారి 0.2 మాత్రమే చూపించింది. మొదటి సందర్భం కొలవకపోతే ఎర్త్ బాగానే ఉందని పొరబడేవాళ్లం.

వేడికి ఎందుకు మొండికేస్తుందంటే, సోలినాయిడ్‌లో రెండు రాగి చుట్టలుంటాయి. ఒకటి ప్లంజర్‌ను, అంటే లోపల కదిలే ఇనుప కడ్డీని, బలంగా లాగేది. దీనికి ముప్పై, నలభై ఆంపియర్లు కావాలి. రెండవది లాగిన తరువాత పట్టి ఉంచేది. దీనికి చాలా తక్కువ చాలు. రాగి నిరోధం ప్రతి డిగ్రీకి దాదాపు 0.39 శాతం పెరుగుతుంది. 20 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు వెళితే దాదాపు 31 శాతం పెరిగినట్టు. లాగే శక్తి చుట్టలో పారే కరెంటును బట్టి ఉంటుంది. సగం చచ్చిన వైరింగు చల్లటి సోలినాయిడ్‌కు ఏదోలా సరిపోతుంది, వేడిదానికి సరిపోదు. అరగంట ఆగితే మళ్లీ పనిచేయడం అందుకే.

మీ బండిలో ఈ కరెంటు వెనుక నుంచి ముందు వరకు వచ్చి, స్విచ్ దాటి, మళ్లీ వెనక్కి పోతోంది. 4 చదరపు మిల్లీమీటర్ల కొత్త రాగి వైరుకే మీటరుకు 4.3 మిల్లీ ఓముల నిరోధం ఉంటుంది. రానూ పోనూ ఎనిమిది మీటర్లు అనుకుంటే, 35 ఆంపియర్లకు 1.2 వోల్టులు వైరులోనే పోతాయి. కాబట్టి మీ వైరు మరీ చెడిపోయిందని నేను అనను. స్విచ్ లోపల పోతున్న 1.9 మాత్రం క్షమించరానిది. దాని లోపలి కాంటాక్టులు కాలిపోయాయి.

పాత ఇంజను:
ఎర్త్ సంగతి నేను చెబుతాను. ఈ బండ్లలో ఇంజను, గేర్‌బాక్సు రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటాయి. రబ్బరు గుండా కరెంటు పారదు. గేర్‌బాక్సు నుంచి బాడీకి ఒక అల్లిన రాగి పట్టీ ఉంటుంది. స్టార్టర్ కరెంటు అంతా దాని గుండానే తిరిగి బ్యాటరీకి చేరాలి. నీరు, మట్టి, నూనె తగిలి అది ఆకుపచ్చగా పులిసి, ఒక్కొక్క పోగే తెగిపోతుంది. పూర్తిగా తెగితే కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది. క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్ ఆ కరెంటును మోసి వేడెక్కి, లోపల కాలి బిగుసుకుపోవడం నేను నా చేతులతో విప్పి చూశాను. క్లచ్ ఎందుకు గట్టిపడిందో తెలియక కేబుళ్లు మార్చుకుంటూ పోయిన ఒక యజమానికి చివరకు ఒక రాగి పట్టీతో పని తీరింది.

కొత్త పట్టీ వేసేటప్పుడు బాడీ వైపు, గేర్‌బాక్సు వైపు రంగును, తుప్పును గీకి మెరిసే లోహం కనిపించేలా చేయండి. పంటి వాషర్ పెట్టి బిగించాకే పైన గ్రీజు పూయండి. బ్యాటరీ మైనస్ కేబుల్ బాడీకి కలిసే చోట కూడా ఇదే పని చేయండి. అన్నీ చేశాక కూడా సెల్ఫ్ బరువుగా తిరిగితే, స్టార్టర్ ఇరుసు కొసను మోసే బుష్ అరిగిందేమో చూడాలి. కొన్ని వెనుక ఇంజను బండ్లలో ఆ బుష్ స్టార్టర్‌లో ఉండదు, గేర్‌బాక్సు పెంకులో ఉంటుంది. అది అరిగితే కొత్త స్టార్టర్ పెట్టినా అది కూడా రాసుకుంటూనే తిరుగుతుంది.

రాగి తీగ:
ఫ్యూజ్ చిక్కు విడిపోయింది. ఆ రిలే చుట్టకు కరెంటు 15 నుంచి ఇవ్వడమే తప్పు. స్టార్ట్ చేస్తున్నంతసేపూ 15లో కరెంటు ఉంటుంది. అంటే మీరు సెల్ఫ్ కొడుతున్నప్పుడు రెండు బ్యాటరీలు కలిసే ఉంటున్నాయి, స్టార్టర్ రెండవ బ్యాటరీ నుంచి కూడా కరెంటు గుంజుకుంటోంది. రెండవ బ్యాటరీ 12.7 వోల్టుల దగ్గర ఉండి, ఇంజను బ్యాటరీ సెల్ఫ్ భారానికి 10.6కి పడితే, వాటి మధ్య తేడా 2.1. ఆ వైరు, రిలే, రెండవ బ్యాటరీ లోపలి నిరోధం అన్నీ కలిపి 0.03 ఓము అనుకుందాం. 70 ఆంపియర్లు పారతాయి.

30 ఆంపియర్ల ఫ్యూజ్ 31 దగ్గర తెగిపోదు. రెట్టింపు కరెంటుకు కూడా క్షణంలో తెగవచ్చు, కొన్ని సెకన్లు నిలబడవచ్చు. అందుకే ఒక్క సెకనులో ఇంజను అందుకున్న రోజున అది బతికిపోతోంది, చలి ఉదయాలలో పోతోంది. ఎర్త్ లోపం వల్ల సెల్ఫ్ ఎక్కువసేపు కొట్టాల్సి రావడం దానికి తోడైంది. పాత యజమాని 40 వేసినప్పుడు పోవడం తగ్గి ఉంటుంది. అంతసేపూ ఆ భారం వైరు మోసింది.

చేయవలసినది ఇది. చుట్టకు కరెంటును 15 నుంచి తీసేసి, ఆల్టర్నేటర్ (ఇంజను నడుస్తున్నప్పుడు బ్యాటరీని చార్జ్ చేసే యంత్రం) మీది డీ ప్లస్ బిందువు నుంచి ఇవ్వండి. ఇంజను ఆగి, తాళం తిప్పి ఉన్నప్పుడు అక్కడ ఒకటి రెండు వోల్టులకు మించి ఉండదు, కనుక రిలే కలవదు. ఇంజను నడిచి చార్జింగ్ మొదలయ్యాకే కలుస్తుంది. అది వీలుకాకపోతే వోల్టేజిని బట్టి తనంతట తానే కలిసే రిలేలు దొరుకుతాయి. అవి దాదాపు 13.3 వోల్టుల దగ్గర కలిసి, 12.8 దగ్గర విడిపోతాయి.

మరొక మాట. మీరు ఫ్యూజ్ ఒక్కటే ఉందన్నారు. ఆ వైరుకు రెండు చివరలా బ్యాటరీలున్నాయి. మధ్యలో ఎక్కడైనా వైరు ఒరుసుకుని బాడీకి తగిలితే, ఫ్యూజ్ లేని వైపు బ్యాటరీ ఆ వైరును కాల్చేస్తుంది. రెండు చివరలా, బ్యాటరీకి వీలైనంత దగ్గరగా ఒక్కొక్క ఫ్యూజ్ ఉండాలి. పడక కింద, చెక్క పలకల వెనుక పోయే వైరు ఇది. మనుషులు దాని మీద నిద్రపోతారు. ఈ పని పూర్తయ్యే దాకా ఆ వైరును రెండు వైపులా విప్పి ఉంచమని కోరుతున్నాను.

దారిదీపం:
వైరు ఈ రోజే విప్పేశాను. వారం తరువాత మళ్లీ రాస్తాను.

సంచారి:
కొలబద్ద గారి కొలతలు చూశాక, నా బండిలో రిలే పెట్టే ముందు నేను స్విచ్ పరీక్షించలేదని ఒప్పుకుంటున్నాను. అయినా అడుగుతాను: స్విచ్ కొత్తది వేసినా, ముప్పై ఐదు ఆంపియర్లు దాని గుండానే పోతుంటే అది మళ్లీ కాలదా? రిలే పెడితే స్విచ్ మీద పడేది చుట్ట తీసుకునే కొద్దిపాటి కరెంటే కదా?

కొలబద్ద:
మీ వాదనలో బలం ఉంది. నేను వ్యతిరేకించింది రిలేను కాదు, లోపం ఎక్కడుందో తెలియకముందే దానిని పెట్టడాన్ని. ఎర్త్ చెడిపోయిన బండికి రిలే పెడితే ‘టిక్’ పోయి ‘టక్’ వస్తుంది, సెల్ఫ్ మాత్రం బరువుగానే తిరుగుతుంది. లోపాలు సరిచేశాక పెట్టే రిలే మంచిదే. అయితే 30 బోల్టు నుంచి రిలేకు వెళ్లే పొట్టి వైరులో తప్పకుండా ఫ్యూజ్ పెట్టాలి. రిలేను తడి తగలని చోట, కొనలు కిందికి ఉండేలా బిగించాలి. రిలే కాంటాక్టులు అతుక్కుపోతే తాళం తీసినా సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది. కనుక బ్యాటరీ కేబుల్‌ను వెంటనే విప్పగలిగే ఏర్పాటు, వీలైతే చేత్తో తిప్పే మెయిన్ స్విచ్, ఉండాలి.

వేకువ:
పింగాణీ ఫ్యూజులు మార్చి, రేకులు శుభ్రం చేశాను. వైపర్లు, హారన్ ఇప్పుడు ప్రతిసారీ పనిచేస్తున్నాయి. రెండు చోట్ల తెల్లవి ఉండాల్సిన స్థానంలో ఎర్రవి ఉన్నాయి, సరిచేశాను. వాటిలో ఒకదాని వెనుక వైరు తొడుగు గట్టిపడి పెళుసుగా విరుగుతోంది, ఆ వైరును కూడా మారుస్తున్నాను.

దారిదీపం:
పని పూర్తయింది, కొలతలతో రాస్తున్నాను.

గేర్‌బాక్సు కింద రాగి పట్టీ విప్పితే సగానికి పైగా పోగులు తెగి ఉన్నాయి. బాడీ వైపు బోల్టు రంగు మీదే బిగించి ఉంది. కొత్త పట్టీ వేశాక సెల్ఫ్ తిరుగుతుండగా ఎర్త్ వైపు పోతున్నది 0.15 వోల్టు. బ్యాటరీ కొనల దగ్గర 10.4 ఉంది. మొదటి కొలత కన్నా తగ్గడం చూసి కంగారు పడ్డాను గాని, లెక్క వేస్తే మోటరుకు ఇప్పుడు 10 వోల్టులకు పైగా అందుతోంది. శబ్దంలోనే తేడా తెలుస్తోంది.

ఇగ్నిషన్ స్విచ్‌లో తాళం పట్టే భాగం, కరెంటు భాగం విడివిడిగా ఉన్నాయి. కరెంటు భాగం మాత్రమే మార్చాను, తాళం పాతదే. స్విచ్‌లో పోతున్నది 1.9 నుంచి 0.3కి తగ్గింది. వేడిగా ఉన్నప్పుడు 50 పిన్ను దగ్గర 9.3 వచ్చింది, సెల్ఫ్ ప్రతిసారీ అందుకుంది. అయినా సంచారి గారి మాట విని రిలే కూడా పెట్టాను, ఫ్యూజ్‌తో సహా. ఇప్పుడు 50 పిన్ను దగ్గర 11.6. నిన్న రెండు గంటలు ఆపకుండా నడిపి, ఇంజను ఆపి, ఐదు నిమిషాలకొకసారి చొప్పున ఆరుసార్లు స్టార్ట్ చేశాను. ఒక్కసారి కూడా తప్పలేదు. స్టార్టర్ మోటర్ పాతదే.

రెండవ బ్యాటరీ రిలే చుట్టను డీ ప్లస్‌కు మార్చాను. తాళం తిప్పితే ఇప్పుడు నిశ్శబ్దం. ఇంజను అందుకున్నాకే ‘టక్’ వినిపిస్తోంది. వైరు రెండు చివరలా 30 ఆంపియర్ల ఫ్యూజులు పెట్టాను. పాత వైరు పలక అంచుకు ఒరుసుకుని ఒకచోట రాగి బయటపడి ఉంది. అది ఫ్యూజ్ లేని వైపు ఉన్న భాగం. ఆ ముక్క తీసేసి, కొత్త వైరును గొట్టంలో వేసి, రంధ్రానికి రబ్బరు వలయం పెట్టాను.

ఆ 40 ఆంపియర్లవి నాలుగూ డబ్బాలోంచి తీసేశాను. ఏ ఫ్యూజ్ ఎన్ని ఆంపియర్లదో, ఏ వైరు ఎటు పోతుందో కాగితం మీద గీసి మూత లోపల అంటించాను.